ఎడంచేతి నీళ్లు

చోడవరం బస్టాండులో ఆ ఉదయం అచ్చియ్యమ్మ ఒళ్లో ఒక గుడ్డసంచి, ఆ సంచిలో ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. డబ్బాలో ఏముందో చెప్పుకోడానికి మొహమాటమే కానీ దాచి లాభం లేదు. నిన్న పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా ఆవిడ పోసిన మూత్రం అది. ఇరవై నాలుగు గంటలదీ పట్టి తీసుకురమ్మనీ, ఒక్క చుక్క బయట పోకూడదనీ విశాఖపట్నంలో డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అచ్చియ్యమ్మ మూత బిగించి, పైన పాత జాకెట్టు చుట్టి, ఆ పైన రెండు కొత్తిమీర కట్టలు పెట్టింది. ఇన్ని చేసినా దొంగసొత్తు మోస్తున్నదానిలా నాలుగువైపులా చూస్తూనే ఉంది.

చూడనిచ్చేవాళ్లెవరు? వాళ్ల గానుగవీధి సన్యాసమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో వచ్చి పక్కనే కూలబడింది.

"ఏటి తల్లీ ఆ సంచిలోన? సెరుకు రసమేటి?"

అచ్చియ్యమ్మకి తల కొట్టేసినట్టయింది. "కాదమ్మా, మందు," అంది నోటికొచ్చింది.

అంతే, ఆ ముసలమ్మ గబుక్కున చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి ఆ సంచికి దణ్ణం పెట్టింది. కళ్లకి కూడా అద్దుకుంది.

డెబ్బై దాటిన మనిషి యాభై నిండని దాన్ని తల్లీ అని ఎందుకు పిలుస్తోందీ, ఏముందో తెలియని సంచికి ఎందుకు మొక్కుతోందీ అంటే, ఆరేళ్లుగా గానుగవీధిలో మరిడమ్మ తల్లి పలికేది అచ్చియ్యమ్మ నోటితోనే. బస్సు వచ్చి ఎక్కి కూర్చున్నాక కూడా అచ్చియ్యమ్మ చెవులు వేడెక్కే ఉన్నాయి. అనకాపల్లి దాటేదాకా ఆవిడ కిటికీ వైపు తిప్పిన మొహం ఇటు తిప్పలేదు.

ఆరేళ్ల కిందట అచ్చియ్యమ్మ ఎవరో చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. రావికమతం పక్క పల్లె నుంచి పరదేశి అనే అతనికి పెళ్లామై వచ్చింది. పరదేశి చెరకు లోడు దింపుతూ జారిపడి పోయాడు. కొడుకు ఉదయ్‌కుమార్‌ని పెంచుకోడానికి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. వీధిలో అందరికీ ఆవిడ 'ఒసే అచ్చీ'. కొళాయి దగ్గర బిందె పెడితే పక్కకి జరిపి తమది పెట్టుకునేవారు. ఏ మాటలోనూ ఆవిడనెవరూ ఏమనుకుంటున్నావని అడిగిన పాపాన పోలేదు.

ఒకరోజు బడి వంటింట్లో అన్నం గుండిగ దింపడానికి వంగింది. వంగడమేమిటి, గుండె డప్పులా మోగడం మొదలుపెట్టింది. ఒళ్లంతా చెమట, తలలో పోట్లు, చేతులు గజగజా వణుకు, మొహం సున్నం కొట్టినట్టు. ఇప్పుడే, ఇక్కడే చచ్చిపోతున్నాననే భయం. అది అమ్మవారి పండగ నెల. కబురందుకుని సన్యాసమ్మ వేపమండలతో పరిగెత్తుకొచ్చింది. పసుపునీళ్లు పోశారు, సాంబ్రాణి వేశారు. పావుగంటలో తగ్గింది. వేపమండల వల్లే తగ్గిందని వీధి వీధంతా అనుకుంది. ఊరికే కూర్చోబెట్టినా తగ్గేదేనని చెప్పేవాళ్లు అప్పుడెవరూ లేరు.

అలా నెలకోసారి, రెండుసార్లు వచ్చేది. వచ్చినప్పుడల్లా చుట్టూ ఆడవాళ్లు మూగి అడిగేవారు. బోరు ఎక్కడ వెయ్యమంటావు, పిల్లాడికి జ్వరం ఎప్పుడు తగ్గుతుంది, ఆవు ఎటు పోయింది. అచ్చియ్యమ్మకి ఆ సమయంలో తన గుండె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. అమ్మ మాటా లేదు, ఆకాశవాణీ లేదు. ఏదో ఒకటి చెబితే వీళ్లు పోతారు, కాస్త గాలి ఆడుతుంది అనుకునేది. 'మంచే జరుగుద్ది' అనేది. 'తూరుపెల్లొద్దు' అనేది. జరిగినవి అమ్మ ఖాతాలోకి పోయేవి, జరగనివి జనం మరిచిపోయేవారు.

అబద్ధమెందుకు, అచ్చియ్యమ్మకి అది బాగుంది. పండగకి మొదటి చీర ఆవిడకే. కొళాయి దగ్గర ఆవిడ బిందె కనపడితే వరస వదిలేసేవారు. 'ఒసే' పోయి 'తల్లీ' వచ్చింది. ఒంట్లో జరిగేది నరకమే అయినా, అది తగ్గాక కాళ్లకి పసుపు రాస్తున్న చేతులను చూసినప్పుడు లోపల ఒక తీపి ఉండేది. ఆ తీపి సంగతి కొడుక్కి కూడా చెప్పలేదు.

ఆ మొత్తం వీధిలో ఒక్క మనిషే మొక్కలేదు. దేముడమ్మ. బడిలో పెద్ద వంటమనిషి ఆవిడే. అచ్చియ్యమ్మకి పప్పు ఉడకబెట్టడం దగ్గర్నుంచి పని నేర్పింది కూడా ఆవిడే, అందుకే ఆవిణ్ణి అక్కలా చూసి అప్పా అని పిలిచేది. దేముడమ్మది ఎడంచేతి వాటం. గరిటె ఎడంచేత్తోనే తిప్పేది, కూర ఎడంచేత్తోనే తరిగేది. పిల్లలకి వడ్డించేటప్పుడు మాత్రం గుర్తు పెట్టుకుని కుడిచేతికి మార్చుకునేది. ఒకరోజు ఇద్దరూ గిన్నెలు తోముతూ ఉండగా అంది:

"ఒలే అచ్చీ, నాను సెప్పేది కోపం తెచ్చుకోకుండా ఇను. ఇది అమ్మోరు కాదే. నీకేదో జబ్బు సేసింది. వంగినప్పుడల్లా వస్తంది, నాను సూస్తన్నాను కదా. అమ్మోరు వంగినప్పుడే రావాలా ఏటి? ఓపాలి ఆసుపత్రికెల్లు."

ఇంతకంటే మంచి మాట ఎవరు చెబుతారు? అచ్చియ్యమ్మకి మాత్రం ఒళ్లు మండిపోయింది. తన చీర, తన వరస, తన 'తల్లీ' అన్నీ ఎవరో లాక్కుంటున్నట్టు అనిపించింది. "నీకు కుళ్లప్పా," అంది. వారం రోజులు మాట్లాడలేదు.

ఆ వారంలోనే చిన్నారి గొలుసు పోయింది. చిన్నారి సన్యాసమ్మ మనవరాలు, పెళ్లయి నెల కాలేదు. కొళాయి దగ్గర తలంటుకుంటూ అత్తవారు పెట్టిన గొలుసు తీసి గోడ మేకుకి తగిలించింది. జుట్టు పిండుకుని చూస్తే మేకు ఉంది, గొలుసు లేదు. ఆ పిల్ల ఏడుపు విని వీధంతా వచ్చింది. అందరూ వెతికారు. అచ్చియ్యమ్మ కూడా కొంగు దోపి, కాలవలో చెయ్యి పెట్టడానికి వంగింది.

వంగింది కదా, వచ్చేసింది.

"అమ్మొచ్చీసింది! అమ్మొచ్చీసింది!" అని అరుపులు. పసుపునీళ్లు, వేపమండలు. సన్యాసమ్మ ఆవిడ గడ్డం పట్టుకుని, "ఎవులు తీసేరు సెప్పు తల్లీ, నా గుంట బతుకు నిలబెట్టు," అని అడిగింది. అచ్చియ్యమ్మకి కళ్లు మసకలు కమ్మాయి. ఆ మసకల్లో ఎదురుగా గోడవారన దేముడమ్మ నిలబడి ఉంది. చేతులు కట్టుకుని, జాలిగా చూస్తోంది. ఆ జాలి చూపు అచ్చియ్యమ్మకి నచ్చలేదు.

"ఎడంచెయ్యి," అంది.

ఒక్క మాటే. తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి.

"నానా?" అంది దేముడమ్మ.

పోలీసులూ రాలేదు, పెద్దమనుషులూ కూర్చోలేదు. అవి వచ్చినా బాగుండేది, ఎవరో ఒకరు సాక్ష్యం అడిగేవారు. ఆ సాయంత్రం నుంచి దేముడమ్మ చేతి నీళ్లు ఎవరూ తాగలేదు, అంతే. ఆవిడ పెట్టిన బిందె వెనక ఇంకెవరూ బిందె పెట్టలేదు. దొంగ చేతి కూడు మా పిల్లలు తినరని తల్లులు బడికొచ్చి చెప్పారు. రెండు నెలలు ఓర్చుకుని దేముడమ్మ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని చీడికాడలో చెల్లెలింటికి పోయింది. బడిలో పెద్ద గరిటె అచ్చియ్యమ్మ చేతికొచ్చింది. నాలుగేళ్లు ఆ గరిటెతోనే వండింది. మనసు ఎప్పుడైనా గీరితే, 'నానన్నానా, అమ్మ అన్నాది' అనుకునేది. ఆ మాట ఆవిడకి గోడలా అడ్డం ఉండేది.

ఆ గోడ పడిపోయింది ఎడమపక్క నొప్పితో. ఈ ఏడాది సంక్రాంతి వెళ్లాక ఒక మధ్యాహ్నం నడుము నుంచి పొత్తికడుపు దాకా మెలిపెట్టేసింది. ఉదయ్‌కుమార్ షేర్ ఆటో నడుపుతాడు. ఎక్కినవాళ్లని దింపేసి తల్లిని ఎక్కించుకుని అనకాపల్లి తీసుకుపోయాడు. స్కాన్ తీశారు. ఎడమ కిడ్నీలో చిన్న రాయి, నీళ్లు బాగా తాగితే పోతుందన్నారు. కానీ అసలు మాట చివర్లో చెప్పారు. కుడి కిడ్నీ నెత్తిమీద నిమ్మకాయంత గడ్డ ఉందట. రాయికీ దానికీ సంబంధం లేదట. రాయి కోసం వెతికితే ఇది దొరికిందట. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో గ్రంథుల డాక్టరుకి చూపించమని చీటీ రాసిచ్చారు.

మూత్రం డబ్బా కథ అక్కడిది. డబ్బా తీసుకెళ్లిన రోజే ఇంకొకటి జరిగింది. ఆసుపత్రి వరండాలో డబ్బా కింద పెట్టడానికి అచ్చియ్యమ్మ వంగింది. మళ్లీ అదే గుండె, అదే చెమట, అదే చావు భయం. అక్కడ వేపమండలు లేవు. ఒక నర్సు వచ్చి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, "మేడమ్, రెండొందల ఇరవై!" అని అరిచింది. ఆరేళ్లలో ఎవరూ ఏమీ అడక్కుండా ఆవిణ్ణి పడుకోబెట్టడం అదే మొదటిసారి.

వారం తర్వాత డాక్టర్ సాయిమా కాగితాలు చూసి నెమ్మదిగా చెప్పింది. వయసులో చిన్నదే, గొంతూ మెత్తన.

"కిడ్నీ మీద టోపీలా ఒక చిన్న గ్రంథి ఉంటుందమ్మా, ఎడ్రినల్ అంటాం. భయం వేసినప్పుడు గుండె దడదడలాడేది దానివల్లే. దాంట్లో గడ్డలు చాలామందికి ఇలాగే, వేరే దేనికో స్కాన్ తీస్తే బయటపడతాయి. ఎక్కువ వాటితో ఏ ఇబ్బందీ ఉండదు, ఊరికే ఉంటాయి. మీది ఊరికే లేదు. ఉన్నట్టుండి రక్తంలోకి ఆ దడ పుట్టించే రసం వదిలేస్తోంది. మీరు వంగినప్పుడు, దాన్ని నొక్కినట్టయినప్పుడు. అందుకే చెమట, వణుకు, తలపోటు. ఇన్నేళ్లు ప్రాణం మీదికి రాకపోవడం మీ అదృష్టం. తీసేస్తే తగ్గిపోతుంది."

ఉదయ్‌కుమార్ ఆరోగ్యశ్రీ కార్డు గురించి అడుగుతున్నాడు. అచ్చియ్యమ్మకి అవేమీ వినపడలేదు. ఆవిడ తల ఒకటే లెక్క వేసుకుంటోంది. చెమట గడ్డది. వణుకు గడ్డది. మరైతే...

"బాబూ, నువ్వు కుంచెం బయటికెల్లు," అంది కొడుకుతో. వాడు వెళ్లాక బల్ల అంచు పట్టుకుని అడిగింది. "డాక్టరమ్మా, మాటలు కూడా అదే ఆడిస్తాదేటి?"

"ఏం మాటలమ్మా?"

"అది వచ్చినప్పుడు నోటంట వచ్చిన మాటలు. ఒకరి మీద... ఏదైనా సెప్పడం. అది కూడా ఆ గడ్డేనా?"

అవునను తల్లీ, అని ఆవిడ కళ్లు బతిమాలుతున్నాయి. ఒక్క అవునుతో నాలుగేళ్లు కడుక్కుపోతాయి. డాక్టర్ సాయిమాకి అదంతా ఎలా తెలుస్తుంది? ధైర్యం చెబుతున్నాననుకుంది.

"లేదమ్మా, మెదడుకేమీ కాలేదు. మీ తెలివి మీకు బాగానే ఉంది. భయం ఆ గడ్డది. మాటలు మాత్రం మీవే."

అచ్చియ్యమ్మ లేచి నిలబడింది. అమ్మా కాదు, గడ్డా కాదు. కట్టుకున్న చీర ఎవరో నడివీధిలో లాగేసినట్టుంది ఆవిడకి.

ఆపరేషన్ సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. మూడు వారాలు మాత్రలు మింగింది, పొట్టకి మూడు చిల్లులు పెట్టి తీశారు, ఐదోరోజున ఇంటికి పంపారు. డాక్టరమ్మ ఫోనులో ఫొటో చూపించింది. చూడటానికి బెల్లం ముక్కలా ఉంది. కుట్లు ఆరి, బరువులెత్తొచ్చని చెప్పాక అచ్చియ్యమ్మ ఒకరోజు పెరట్లో ఒక్కతే నిలబడి వంగింది. లేచింది. మళ్లీ వంగింది. పదిసార్లు వంగి లేచింది. గుండె తన పని తాను చేసుకుపోతోంది. అంత నెమ్మదైన ఒంటితో గట్టు మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒళ్లు బాగుపడితే ఏడ్చిన మనిషిని ఉదయ్‌కుమార్ పెళ్లాం సంధ్యారాణి ఎక్కడా చూడలేదట.

ఆ మర్నాడే కొడుకు ఆటోలో చీడికాడ వెళ్లింది. తోవంతా ఏం చెప్పాలో నోట్లో అల్లుకుంటూనే ఉంది. వాడిని రోడ్డు మీదే ఆగమని, ఇల్లు అడుగుతూ పోయింది. దేముడమ్మ అరుగు మీద పొయ్యి దగ్గర అంబలి కలుపుతోంది. బాగా చిక్కిపోయింది. అచ్చియ్యమ్మకి మొదట ఏదో తేడాగా అనిపించింది కానీ ఏమిటో తెలియలేదు. తర్వాత తెలిసింది. దేముడమ్మ కుడిచేత్తో కలుపుతోంది. గరిటె కుండ అంచుకి టకటకా తగులుతోంది, అంబలి పొయ్యిలోకి చిందుతోంది. వందమంది పిల్లలకి ఒక్క మెతుకు కింద పడకుండా వండిన మనిషి.

"అప్పా," అని కాళ్లు పట్టుకోబోయింది.

దేముడమ్మ నిప్పు తొక్కినట్టు వెనక్కి గెంతింది. "వొద్దు తల్లీ! నువ్వు నా కాల్లట్టుకోకూడదు. నా కల్లు పోతాయి!"

ఈవిడ కూడా తల్లీ అంటోంది. అల్లుకున్న మాటలన్నీ చెదిరిపోయి, అచ్చియ్యమ్మ అరుగు కింద మట్టిలో చతికిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. రాయీ, స్కానూ, గడ్డా, డాక్టరమ్మ అన్న మాటా. దేముడమ్మ గరిటె పట్టుకుని అలాగే వింది.

"అయితే అమ్మోరు కాదా?" అంది చివరికి.

"కాదప్పా. నువ్వు ముందే సెప్పేవు."

"సెప్పేను. సెప్పేనని భయపడి సచ్చేను. అమ్మోర్ని జబ్బన్నాను కదా, అందుకే నా మీద ఇరుసుకు పడిందనుకున్నాను. అమ్మ అబద్దమాడదు కదా, నానే తీసుంటాను, ఎప్పుడు తీసేనో మర్సిపోయుంటాను అనుకున్నానే. ఎన్నిసార్లు ఆ పెట్టె బోర్లించి దులిపేనో! ఈ సెయ్యి నా మాట ఇనకుండా ఎల్లి తీసిందేమోనని గుడ్డేసి కట్టుకుని పడుకున్నాను. అన్నం దీంతోటి ముట్టుకోడం మానీసేను." గరిటె కుండలో వదిలేసి అడిగింది. "అమ్మ కాదు. గడ్డా కాదంటన్నావు. మరెవులే నన్ను దొంగన్నాది?"

"నానేనప్పా."

"ఎందుకే?"

"నువ్వు నన్ను జాలిగా సూసేవు."

ఇంత సిగ్గుమాలిన కారణం ఇంకోటి ఉండదని చెబుతూనే తెలిసింది. దేముడమ్మ తిట్టలేదు, ఏడవలేదు. అంబలి దింపి మూత పెట్టింది.

"నా అరుగు కాడ సెప్పీసి దులుపుకుపోదామనుకున్నావేటి? నన్ను దొంగన్నాది ఇక్కడ కాదే అచ్చీ. కొళాయి కాడ, అందరి ముందరా. అక్కడ సెప్పు."

మళ్లీ అచ్చీ అంది. నాలుగేళ్ల తర్వాత ఆ పిలుపు విని అచ్చియ్యమ్మకి ప్రాణం లేచొచ్చినట్టయింది. అంతలోనే, చెప్పాల్సిన చోటు గుర్తొచ్చి అరుగు అంచు పట్టుకుని లేచింది.

పండగ ఇంకా పన్నెండు రోజులుంది. ఆ రోజున ఘటాలు కొళాయి దగ్గరే నింపుతారు, వీధంతా అక్కడే ఉంటుంది, అచ్చియ్యమ్మ మీదికి అమ్మ అక్కడే వస్తుంది. అందుకే ఆ రోజే చెబుతానంది ఇంట్లో. సంధ్యారాణి మంచి తెలివైన కోడలు, అత్తని పక్కకి పిలిచి ఉపాయం చెప్పింది.

"అత్తా, నువ్వు మామూలుగా సెప్తే ఎవులూ నమ్మరు. ఎప్పట్లాగే ఊగీసి అమ్మలాగే సెప్పీ. దేముడమ్మ తీయనేదు, గొలుసు కాలవలోన కొట్టుకుపోయింది అను. అందరూ కల్లకద్దుకుంటారు. ఆవిడ పరువు ఆవిడికొస్తాది, నీది నీకుంటాది. ఎవులికీ నట్టం నేదు కదా."

కోడలన్నదాంట్లో తప్పేముంది? అచ్చియ్యమ్మ రెండు రోజులు అదే ఆలోచించింది. మూడోరోజు తలుపేసుకుని అద్దం ముందు చేతులు వణికించి చూసింది, తల విరబోసి ఊగి చూసింది. ఎంత బాగా వచ్చిందంటే, చూసుకున్న ఆవిడకే అసహ్యం వేసింది. అప్పుడు ఒంట్లో నిజంగా జబ్బుండేది, అదైనా నిజం. ఇప్పుడు అదీ ఉండదు. తడిచేత్తో అద్దం మీద బొట్టు మరకలు తుడిచేసి బయటికొచ్చింది.

పండగ రోజు పట్టపగలు పన్నెండు గంటలకి డప్పులు కొళాయి దగ్గరికొచ్చాయి. ఉదయ్‌కుమార్ ఆటో వచ్చి ఆగింది, దేముడమ్మ దిగింది. ఎవరూ పలకరించలేదు. చుట్టూ చోటు వదిలి నిలబడ్డారు. చిన్నారి చంకలో పిల్లాడితో ఉంది. సన్యాసమ్మ పసుపునీళ్ల చెంబు పట్టుకుని, "రా తల్లీ, రా," అని డప్పుల వాళ్లని గట్టిగా వాయించమంది.

అచ్చియ్యమ్మ చెయ్యెత్తి డప్పులు ఆపమంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. సన్యాసమ్మ అది చూసి అమ్మ వస్తోందనుకుంది, అది ఉత్త సిగ్గు అని ఆవిడకేం తెలుసు?

"అమ్మ రాదు," అంది అచ్చియ్యమ్మ. "ఎప్పుడూ రానేదు. నాకు కడుపులోన గడ్డ ఉండీది, తీసీసేరు. దేముడప్ప మీద సెప్పిన మాట అమ్మ సెప్పనేదు. ఆ గడ్డా సెప్పనేదు. నానే సెప్పేను. నాకావిడ మీద కోపం. ఆవిడ ఏటీ తీయనేదు."

ఒక్కసారే అందరూ మాట్లాడారు. ఆపరేషన్లో అమ్మని కోసి పారేశారని ఒకరు. మైలపడిపోయింది, ఇక ఈవిడ మాట చెల్లదని ఒకరు. చీడికాడ వెళ్లొచ్చిందట, అక్కడేదో మందు పెట్టేసి ఉంటారని ఇంకొకరు. వణుకుతూ చెప్పిన అబద్ధాన్ని కళ్లకద్దుకున్న జనం, నిలబడి చెప్పిన నిజాన్ని కాలితో తోసేస్తున్నారు. సన్యాసమ్మ మాత్రం జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. నాలుగేళ్లు ఒక మనిషిని వెలివేసిన పాపం ఆవిడ నెత్తిన కూడా పడుతుంది మరి.

"అమ్మ అబద్దమాడదు," అంది. "నువ్వాడతన్నావు."

"అప్పుడాడేనమ్మా."

"సాలు, నోర్ముయ్యే!"

ఒసే, తల్లీ రెండూ పోయి, ఇప్పుడు ఏ పేరూ లేదు. అచ్చియ్యమ్మ ఇంక ఏం చెప్పాలో తెలియక దేముడమ్మ వైపు చూసింది. ఆవిడ గోడవారన, ఆనాడు నిలబడిన చోటే, చేతులు కట్టుకుని ఉంది. ఈసారి ఆ చూపులో జాలి లేదు. అది ఉంటే బాగుండునని అచ్చియ్యమ్మకి అనిపించింది.

నడిచి కొళాయి గట్టు దగ్గరికి వెళ్లింది. "అప్పా, దాహమేస్తంది. నీల్లు పొయ్యి."

దేముడమ్మ కదల్లేదు. చాలాసేపు కదల్లేదు. తర్వాత ముందుకొచ్చి, బిందె మీద ఉన్న చెంబు కుడిచేత్తో తీసి ముంచింది.

"ఆ సెయ్యి కాదు," అంది అచ్చియ్యమ్మ.

ఎడంచేత్తో ఎవరికీ ఏదీ ఇవ్వరు, ఎవరూ పుచ్చుకోరు. శత్రువుకి కూడా అలా నీళ్లు పొయ్యరు. "అపచారం," అన్నారెవరో. దేముడమ్మ చెంబు చేతులు మార్చింది. ఆ చెయ్యి పని మరిచిపోయిందో ఏమో, చెంబు ఒరిగి నీళ్లు సగం గట్టు మీద ఒలికాయి. అచ్చియ్యమ్మ దోసిలి పట్టి నడుము వంచి వంగింది.

వంగగానే ఆడవాళ్లు ముగ్గురు నలుగురు అలవాటుగా వేపమండలు ఎత్తారు. చూస్తూ నిలబడ్డారు. ఏమీ రాలేదు. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి ఎడంచేతి నుంచి పడుతున్న నీళ్లు గటగటా తాగుతోంది, అంతే. చిన్నారి ఒక్కతే తన మండ కిందికి దించింది.

"సాలా?" అని అడిగింది దేముడమ్మ.

"సాలదప్పా," అంది అచ్చియ్యమ్మ తల ఎత్తకుండానే. "ఇంకా పొయ్యి."